జింక వెనక నేల

అడవి జంతువుల, పిట్టల ఫోటోలు తీసేవాళ్ళు అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఇప్పుడు బాగా పెరిగారు. కృష్ణజింకల కోసం ఉరవకొండ, వజ్రకరూరు, గుంతకల్లు వైపు వెళ్తారు. కొంగల కోసం చిలమత్తూరు మండలం వీరాపురం వెళ్తారు. పెనుకొండ గుట్టల్లో పిట్టల కోసం తిరుగుతారు. వాళ్ళు తెచ్చిన ఫోటోలు ఫోన్లలో, పత్రికల్లో, బడిగోడల మీద కనిపిస్తున్నాయి. ఇది సంతోషించాల్సిన సంగతి. అయితే కొన్నేళ్ళుగా ఈ ఫోటోల్లో ఒక మార్పు చోటుచేసుకుంటోంది. జింక వెనకాల నిలబడి ఉండాల్సిన గాలిమర కనిపించడం లేదు. పిట్ట వెనకాల సాగిపోవాల్సిన కరెంటు తీగ ఉండడం లేదు. సర్కారు తుమ్మ కంప, పొలం గట్టు, ముళ్ళకంచె, ప్లాస్టిక్ సంచి, అన్నీ తుడిచిపెట్టుకుపోయి ఆ చోట మెత్తటి పచ్చరంగో లేత గోధుమరంగో పరుచుకుంటోంది. ఈ పని ఒకప్పుడు స్టూడియోలో బొమ్మలు దిద్దే నిపుణుడు గంటలకొద్దీ కూర్చుని చేయాల్సి వచ్చేది. 2010లో ఫోటోషాప్‌లో, చుట్టుపక్కల రంగును చూసుకుని ఖాళీని దానంతట అదే నింపే సౌకర్యం వచ్చింది. 2020లో ఆకాశాన్నే మార్చేసే మీట వచ్చింది. 2023లో, లేని చెట్లనూ కొండలనూ కృత్రిమ మేధ చేత పుట్టించి అతికించే సౌకర్యం వచ్చింది. ఇప్పుడు ఫోన్ మీద వేలితో ఒక గీత గీస్తే చాలు, గాలిమర పోతుంది.

ఫోటోలు దిద్దే విద్య మీద నాకు కోపం లేదు. అది అవసరమైన విద్య, నేర్చుకోదగిన విద్య. ఎంతవరకు దిద్దాలి, ఎక్కడ ఆగాలి అన్నదాని మీదనే ఈ ప్రసంగం. వెలుగునీడలు సరిచేయవచ్చు, రంగు సరిచేయవచ్చు, అంచులు కత్తిరించవచ్చు. ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని పెట్టడం మాత్రం చేయకూడదు. ఎక్కడైనా ఇది మంచి నియమమే. మన ఎర్రనేల పీఠభూమి మీద దీని అవసరం మరీ ఎక్కువని నేను అంటాను. ఎందుకంటే ఇక్కడి జంతువు కథ సగం దాని ఒంటి మీద ఉంటే, మిగతా సగం దాని వెనకాల ఉంది.

ఈ నేల సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఏ ఏడు వస్తుందో ఏ ఏడు రాదో తెలియదు. పశ్చిమ కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి మేఘం మనదాకా వచ్చేసరికి తేలిపోతుంది. ఈశాన్య రుతుపవనం కోస్తాను తడిపి, మిగిలింది మనకిస్తుంది. ఇంత తక్కువ వానలో దట్టమైన అడవి పెరగదు. గడ్డి, ముళ్ళపొద, అక్కడక్కడా ఒక చెట్టు, మధ్యలో బండరాయి. చూసేవాళ్ళు దీన్ని బీడు అంటారు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం సాయంతో కేంద్ర ప్రభుత్వం ప్రచురించే బంజరు భూముల అట్లాసులో ముళ్ళపొదల నేలలు కూడా లెక్కకు వస్తాయి. అంటే కాగితాల మీద ఇది ఎందుకూ కొరగాని భూమి. కానీ కృష్ణజింక దట్టమైన అడవిలో బతకదు. దాని పరుగంతా, దాని చూపంతా ఆరుబయలు కోసం తయారైనవి. తోడేలుకూ, గుంటనక్కకూ, బట్టమేక పిట్టకూ ఈ బీడే ఇల్లు. కాబట్టి మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక వెనకాల ఒక పచ్చటి అడవిని అతికించినవాడు అందం కోసం చేసినా, ఆ జింక గురించి ఒక తప్పు మాట చెప్పినట్టే. వెనకాల ఏమీ లేకుండా తుడిచేసినవాడు, ఈ నేలలో చూడదగిందేమీ లేదనే పాత లెక్కకు తెలియకుండానే సాక్ష్యం పలుకుతున్నాడు.

ఒక్క చోటు గురించి కాస్త వివరంగా చెబుతాను. శ్రీసత్యసాయి జిల్లాలో చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం ప్రాంతంలో కల్పవల్లి అనే సామూహిక అడవి ఉంది. 1990ల మొదట్లో అక్కడ ఉన్నవి బోడి గుట్టలు. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ కలిసి మేతను అదుపు చేశారు, నిప్పు పడకుండా కాపలా కాశారు, విత్తనాలు చల్లారు, మొక్కలు నాటారు. వేల ఎకరాల్లో గడ్డి లేచింది, చెట్టు లేచింది, వంకల్లో నీళ్ళు నిలిచాయి. వాటి వెనకే జంతువులూ తిరిగొచ్చాయి. అయితే రెవెన్యూ రికార్డుల్లో ఆ భూమి బంజరుగానే ఉండిపోయింది. 2010 తర్వాత అదే గుట్టల మీద నల్లకొండ గాలి విద్యుత్ కేంద్రం వచ్చింది. ఒక్కొక్కటి 800 కిలోవాట్ల గాలిమరలు 63 నిలబెట్టారు. పెద్ద పెద్ద రెక్కలు మోసుకెళ్ళే లారీలు ఎక్కడానికి గుట్టల వీపులు కోసి బాటలు వేశారు, ఆ కోతల వెంట మట్టి కొట్టుకుపోయిందని ఊళ్ళవాళ్ళు వాదించారు, వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గాలి కరెంటు బొగ్గు పొగను తగ్గిస్తుందన్న మాటా నిజమే, పెంచుకున్న అడవిలో బాటలు తవ్వారన్న మాటా నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఏది ఎంత అన్నది జనం తేల్చుకోవాల్సిన విషయం. తేల్చుకోవాలంటే ముందు కనిపించాలి. కల్పవల్లి గడ్డిలో నిలబడ్డ ఒక జంతువు ఫోటోలోంచి గాలిమరను తుడిచేస్తే, ఆ వాదనలో రెండు పక్షాలూ ఒకేసారి మాయమవుతాయి. మరను మెచ్చుకునేవాడికి, చూడండి దాని పక్కనే జంతువు బతుకుతోందని చూపే ఆధారం పోతుంది. మరను వద్దనేవాడికి, జంతువు ఇంటి నడుమ దాన్ని పాతారని చూపే ఆధారం పోతుంది.

పొలం సంగతీ అంతే. ఉరవకొండ, వజ్రకరూరు వైపు జింకల మందలు శెనక్కాయ చేలలో పడతాయి. నల్లరేగడి ఉన్నచోట పప్పుశెనగ మొలక మీద పడతాయి. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు కాబట్టి రైతు దాన్ని తాకలేడు, తాకకూడదు కూడా. రాత్రంతా చేలో కాపలా కాయడం తప్ప అతనికి దారి లేదు. ఆ జింక ఫోటోలో వెనకాల ఉన్న సాళ్ళను తుడిచి పచ్చిక బయలు చేస్తే, పంట పోగొట్టుకున్న రైతును కూడా తుడిచినట్టవుతుంది. జింకను చూసి మురిసిపోయే పట్టణవాసికి దాన్ని బతకనిచ్చినందుకు ఖరీదు ఎవరు కడుతున్నారో తెలిసే అవకాశం ఆ సాళ్ళలోనే ఉంది. నా మాట అడిగితే, మందను మాత్రమే చూపే నూరు ఫోటోల కన్నా, మందనూ మేసిన సాలునూ గట్టు మీద నిలబడ్డ మనిషినీ ఒకే చట్రంలో చూపే ఒక్క ఫోటో ఈ జిల్లాకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. వాటిని సైబీరియా కొంగలని జనం పిలుచుకుంటారు గానీ అవి మన దేశపు పక్షులే. ఆ కొంగకు ఇళ్ళ కప్పులే నేపథ్యం. ఆ కప్పులనూ డిష్ యాంటెన్నానూ తీసేసి వెనకాల నీలి చెరువు పెడితే అది ఏ ఊరి కొంగైనా కావచ్చు, వీరాపురం కొంగ మాత్రం కాదు. మనిషి గడపలో గూడు పెట్టుకోనిచ్చిన ఊరు గొప్పతనమంతా ఆ కప్పుల్లో ఉంది.

తీగల మాట ఇంకా గట్టిగా చెప్పాలి. బట్టమేక పిట్ట కోసం కర్నూలు పక్కన రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. చుట్టుపక్కల గడ్డిభూములు సేద్యంలోకి మారుతూ వచ్చాయి, అక్కడ ఆ పక్షి కనిపించడమే అరుదైపోయింది. దేశం మొత్తం మీద నూట యాభైకి అటూ ఇటూగా మిగిలాయని అంచనా. రాజస్థాన్, గుజరాత్‌లలో దాన్ని చంపుతున్నవాటిలో కరెంటు తీగలు ముఖ్యమైనవి. పదిహేను కిలోల దాకా తూగే పక్షి, కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడంతో ఎదురుగా ఉన్న సన్నని తీగ దానికి ఆలస్యంగా కనిపిస్తుంది, చటుక్కున మళ్ళలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీగలను భూమిలోపల వేయమంది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల సంఘానికి అప్పగించింది. అలాంటి పక్షి ఎగురుతున్న ఫోటోలో అడ్డొచ్చిందని తీగను చెరిపితే, చంపేదాన్నే చెరిపినట్టు. ఫోటో దిద్దే పాఠాల్లో మొదట్లోనే నేర్పే పనుల్లో ఒకటి తీగను తీసేయడం. మన దేశంలో గడ్డిభూముల పక్షుల ఫోటోల్లో అసలు చేయకూడని పని కూడా అదే.

ప్రపంచంలో ఈ గొడవ కొత్తది కాదు. 1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం కోసం గీజా పిరమిడ్లను కంప్యూటరులో దగ్గరికి జరిపారు. అడ్డంగా తీసిన ఫోటో నిలువు అట్టలో పట్టలేదన్నదే కారణం. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు, అయినా ఆ పత్రిక ఫోటోల మీద నమ్మకానికి తగిలిన దెబ్బను ఇప్పటికీ చెప్పుకుంటారు. 2011లో స్వీడన్‌లో టెర్యె హెల్లెసో అనే పేరున్న ప్రకృతి ఫోటోగ్రాఫరు మోసం బయటపడింది. అతను అంతకు ముందు ఏడాదే ప్రభుత్వ పర్యావరణ సంస్థ నుంచి గౌరవం పొందినవాడు. వేరేవాళ్ళ లింక్సు పిల్లి బొమ్మలను తన అడవి దృశ్యాల్లో అతికించాడు. జంతువు ఒంటి మీద చలికాలపు దట్టమైన బొచ్చు, ఫోటో మీద జూలై నెల. ఆ తేడాను పట్టినవాళ్ళు జంతువులను ఎరిగినవాళ్ళే. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వన్యప్రాణి ఫోటో పోటీ నియమాలు ఇప్పుడు చాలా స్పష్టంగా ఉన్నాయి. వెలుగు, రంగు, కత్తిరింపు, కెమెరా సెన్సరు మీద పడ్డ దుమ్ము చుక్కను తీయడం, ఇవి ఒప్పు. దృశ్యంలోని వస్తువును కలపడం గానీ తీయడం గానీ తప్పు. చివరి వరుసకు వచ్చినవాళ్ళు కెమెరా నుంచి వచ్చిన ముడి ఫైలును చూపాలి.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది. పెద్ద లెన్సు పెట్టి వెనకాల అంతా మసక చేసేస్తున్నారు కదా, అది తుడవడం కాదా, కెమెరా చేస్తే ఒప్పు, కంప్యూటరు చేస్తే తప్పా? ప్రశ్న న్యాయమైనదే. తేడా ఏమిటంటే, లెన్సు మసకలో వస్తువు చోటు మారదు. 400 మిల్లీమీటర్ల లెన్సుతో ముప్పై మీటర్ల దూరంలోని జింకను తీస్తే, మూడు వందల మీటర్ల అవతల ఉన్న గాలిమర మెత్తబడిన తెల్లటి నిలువు గీతలా నిలుస్తుంది. చూపు జింక మీదికే పోతుంది. కానీ అక్కడేదో నిలబడి ఉందని చూసినవాడికి తెలుస్తుంది, ఈ ప్రాంతం ఎరిగినవాడు అదేమిటో కూడా చెప్పగలడు. తుడిచిన ఫోటోలో ఆ గీత ఉన్న చోట, అక్కడ ఎప్పుడూ లేని గడ్డి ఉంటుంది. మొదటిది ఒకదాన్ని మెల్లగా చెప్పడం, రెండోది ఇంకొకటి చెప్పడం.

ఫోటో కళ కదా, చిత్రకారుడు తనకు వద్దనుకున్న చెట్టును గీయడు, మాకెందుకీ కట్టడి అని మరికొందరు అంటారు. చిత్రకారుడు అది తన చేతిలోంచి వచ్చిందని దాచడు, చూసేవాడూ అలాగే చూస్తాడు. వన్యప్రాణి ఫోటోను జనం మెచ్చుకునేది, ఇది ఫలానా చోట నిజంగా జరిగిందన్న నమ్మకంతో. ఆ నమ్మకం ఇచ్చే విలువను తీసుకుంటూ దాని షరతును వద్దనడం కుదరదు. కళగా చేయాలనుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా చేయవచ్చు, కింద ‘మార్చిన చిత్రం’ అని రాస్తే సరిపోతుంది. ఇంట్లో గోడకు తగిలించుకునే ఫోటోలో కంటికి అడ్డొచ్చిన గడ్డిపరకను తీసేస్తే లోకం మునగదు. ఆ ఫోటోనే పత్రికకో పోటీకో బడికో పంపేటప్పుడు మాత్రం పరక ఉన్న ఫోటోనే పంపాలి. పరకతో మొదలైన చేయి ఎక్కడ ఆగాలో చెప్పే గీత పరక దగ్గరే గీయడం తేలిక.

ఒక్క అభ్యంతరం ముందు నేను నిజంగా తలవంచుతాను. నేపథ్యం చోటును పట్టిస్తుంది. నక్షత్ర తాబేళ్ళను పట్టి అమ్మే దొంగలు ఈ ప్రాంతాలకు కొత్త కాదు. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించినా ఆ దొంగ రవాణా ఆగలేదు. ఫోటోలో ఫలానా గుట్ట, ఫలానా గుడి గోపురం కనిపిస్తే తెలిసినవాడు నేరుగా అక్కడికే వెళ్తాడు. అలాంటప్పుడు చోటు దాచాలి, తప్పకుండా దాచాలి. దాచడానికి దారులున్నాయి. గోపురం రాకుండా కత్తిరించవచ్చు. ఊరి పేరు చెప్పకుండా జిల్లా పేరుతో ఆపవచ్చు. ఫోన్ ఫోటో ఫైలులో చాలాసార్లు అక్షాంశ రేఖాంశాలు వాటంతట అవే నమోదవుతాయి, పంపే ముందు వాటిని తీసేయాలి. గూళ్ళ ఫోటోలను పిల్లలు ఎగిరిపోయేదాకా బయటపెట్టకుండా ఉండవచ్చు, అసలు గూడు దగ్గరికే పోకపోతే ఇంకా మేలు. ఇవేవీ నేల గురించి అబద్ధం చెప్పవు. గోపురం తీసేసి అక్కడ ఇంకో గుట్టను పెట్టడం మాత్రం రేపు ఆ ఫోటోను ఆధారంగా తీసుకునే పరిశోధకుడిని తప్పుదారి పట్టిస్తుంది.

మరి వెనకాల చికాకుగా ఉన్నప్పుడు ఏం చేయాలి? చాలామట్టుకు షట్టరు నొక్కక ముందే చేయాలి. మన పీఠభూమి దీనికి చాలా అనుకూలం. దిగంతం దాకా ఆరుబయలు కాబట్టి, నేల మీద బోర్లా పడుకుని కెమెరాను జింక మోకాలి ఎత్తుకు తెస్తే, దాని వెనక నేపథ్యం బాగా దూరానికి జరిగి మెత్తబడుతుంది. నిలబడి పైనుంచి తీస్తే జింక కాళ్ళ దగ్గరి రాళ్ళే నేపథ్యమవుతాయి, ఎంత పెద్ద లెన్సైనా వాటిని మెత్తబరచలేదు. పక్కకు రెండడుగులు జరిగితే స్తంభం కొమ్ముల మీద నుంచి తప్పుకుంటుంది. సూర్యోదయం తర్వాతి మొదటి గంట మంచిది. ఎండ ముదిరితే ఎర్రనేల మీది వేడి గాలి అలలు కొట్టి, ఎంత ఖరీదైన లెన్సుకైనా అంచులు కరిగిపోతాయి. జంతువును వెంటాడకుండా ఒకచోట కూర్చుంటే అదే చోటు మార్చుకుంటుంది, దానితో పాటు నేపథ్యమూ మారుతుంది. ఇంటికొచ్చాక లైట్‌రూమ్‌లోనో, ఫోన్‌లో స్నాప్‌సీడ్‌లోనో చేయదగిన పని కూడా చాలా ఉంది. జంతువును వేరుగా, వెనక భాగాన్ని వేరుగా ఎంచుకునే సౌకర్యం ఇప్పుడుంది. వెనక భాగంలో వెలుగు కొంచెం తగ్గించండి, రంగుల గాఢత తగ్గించండి, తెల్లటి ప్లాస్టిక్ సంచి మెరుపును అణచండి. జంతువు కంటి మీద వెలుగు కాస్త పెంచండి. సంచి ఉంటుంది, కానీ చూపును లాగదు. అంతకు మించి చేయాలనిపిస్తే ఆ ఫోటో పనికిరాదని పక్కన పెట్టి, మరో పొద్దున మళ్ళీ వెళ్ళడమే సరైన పని.

ఆకాశం మార్చడం గురించి మాత్రం రాజీ పడను. ఆగస్టులో, పైరు వాడిపోతున్న నెలలో తీసిన జింక వెనకాల సాఫ్ట్‌వేరు ఇచ్చిన నల్లమబ్బును అతికిస్తే, ఈ జిల్లాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి గురించే అబద్ధం చెప్పినట్టు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఆ ఏడు కరువా కాదా అని పాత ఫోటోలు తిరగేస్తే, ఆ మబ్బు వాళ్ళకు ఏం చెబుతుంది? ఇంకో ప్రమాదమూ ఉంది. బొమ్మలను గుర్తుపట్టే కంప్యూటర్లు జంతువుతో పాటు నేపథ్యాన్నీ నేర్చుకుంటాయి. పచ్చికలో ఆవులను చూసి నేర్చుకున్న యంత్రం సముద్రపు ఒడ్డున నిలబడ్డ ఆవును పోల్చుకోలేక తడబడిందని 2018లో అమెరికా పరిశోధకులు చూపారు. కృష్ణజింకలన్నీ పచ్చటి అడవుల్లో ఉన్నట్టు మనం ఇంటర్నెట్ నిండా ఫోటోలు నింపితే, రేపు యంత్రాలు కూడా జింక ఇల్లు అదేనని నేర్చుకుంటాయి, బొమ్మ గీయమంటే అలాగే గీస్తాయి, మన పిల్లలు వాటినే చూసి పెరుగుతారు.

ఈ జిల్లాల్లో ఫోటో పోటీలు పెట్టేవాళ్ళకు, జిల్లా పేజీలు చూసే పాత్రికేయులకు, సైన్సు ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటుంది. ఫోటోతో పాటు కెమెరాలో పుట్టిన అసలు ఫైలును అడగండి. ఫోటో కింద జంతువు పేరు, మండలం, నెల, సంవత్సరం, ఏమేం సరిదిద్దారో ఒక వాక్యం రాయించండి. వెనకాల గాలిమర ఉన్న ఫోటోకు, శెనక్కాయ సాలు ఉన్న ఫోటోకు కూడా బహుమతి ఇవ్వండి. ఫోటోలు తీసే మిత్రులారా, ఇప్పటికే తుడిచి పంచిన ఫోటోలు మీ దగ్గర ఉంటే, వాటి అసలు ఫైళ్ళను వెతికి భద్రపరచండి, తేదీ, మండలం రాసి పెట్టండి.